మీరడిగారు: ఇంటి కాపలాకి తుపాకీ కొనాలా?

పోయిన సంచికలో ఇంటి తాళాలు, సీసీ కెమెరాల గురించి రాశాక బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుపాకీల గురించే ఉన్నాయి. పోలీసు శాఖలో చాలా ఏళ్లు ఆయుధ శిక్షణ ఇచ్చి రిటైరయినవాణ్ణి కాబట్టి ఈసారి వాటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వద్దన్నవాళ్లవి తీసేశాం.

ప్రశ్న: సార్, మాది హొసకోట దాటాక ఒక కొత్త లేఅవుట్‌లో ఇండిపెండెంట్ ఇల్లు. చుట్టూ ఇంకా ఖాళీ సైట్లే. మావారు ఉద్యోగం మీద నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతుంటారు. ఇంట్లో నేనూ, తొమ్మిదేళ్ల బాబూ, అత్తయ్యగారూ ఉంటాం. రెండు వీధుల అవతల దొంగలు పడ్డ దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. లైసెన్స్ తీసుకుని ఒక రివాల్వర్ కొని బీరువాలో పడేస్తే ధైర్యంగా ఉంటుందని మావారు అంటున్నారు. లైసెన్స్ ఎలా వస్తుంది? నాకు కాల్చడం రాదు. — ఒక పాఠకురాలు, హొసకోట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. లైసెన్స్ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఇది చూడండి. తుపాకీ కొనాలనుకుంటున్నది మీవారు, అవసరం పడేది ఆయన ఊళ్లో లేనప్పుడు, అప్పుడు ఇంట్లో ఉండేది కాల్చడం రాని మీరు. లైసెన్స్ మనిషికిస్తారు, ఇంటికి కాదు. ఆయన పేరున ఉన్న ఆయుధాన్ని ఆయన లేనప్పుడు మీరు తీసి వాడితే చట్టం దృష్టిలో మీరు లైసెన్స్ లేకుండా ఆయుధం పట్టుకున్నట్టే. కాబట్టి ఈ ఆలోచన ముందుకు వెళ్లాలంటే లైసెన్స్ మీకు కూడా ఉండాలి, శిక్షణ అంతకన్నా ముందు ఉండాలి.

ఇక లైసెన్స్. బెంగళూరు నగర కమిషనరేట్ పరిధిలో అయితే పోలీస్ కమిషనర్, మీలా గ్రామీణ జిల్లాలో ఉన్నవాళ్లకి డి.సి. (డిప్యూటీ కమిషనర్), అంటే మన ఆంధ్ర భాషలో కలెక్టర్, ఇస్తారు. మామూలు పౌరులకి దొరికేవి .32 రివాల్వర్, .32 పిస్టల్, పన్నెండు బోర్ తుపాకీ, .315 రైఫిల్ లాంటివి. 9 ఎం.ఎం. లాంటివి నిషిద్ధ బోర్ (మామూలు పౌరులకి ఇవ్వని గొట్టం సైజు) కిందకి వస్తాయి, వాటి జోలికి పోవద్దు. వయసు 21 నిండాలి. స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వస్తారు, మీ మీద కేసులున్నాయా, ఇంట్లో గొడవలున్నాయా, ఆరోగ్యం ఎలా ఉంది, అన్నీ చూస్తారు. అసలు మీకెందుకు కావాలన్నదే పెద్ద ప్రశ్న. 2016 ఆయుధ నియమాల ప్రకారం ప్రాణానికి నిజమైన ముప్పు ఉందని, లేదా మీ వృత్తి, వ్యాపారం, ఉండే ప్రాంతం వల్ల అవసరమని అధికారికి నమ్మకం కలగాలి. 'ఊరి బయట ఉంటాం, భయంగా ఉంది' అన్న ఒక్క మాటతో ఇస్తారని నేను ఆశ పెట్టను. కాదంటే ఎందుకు కాదన్నారో మామూలుగా రాసిస్తారు, దాని మీద అప్పీల్ చేసుకోవచ్చు. ఇచ్చినా అది 5 ఏళ్లకే, తర్వాత రెన్యువల్.

అదే నియమాల్లో ఇంకో రెండు సంగతులున్నాయి, జనం వీటిని ఫార్మాలిటీ అనుకుంటారు, నాకు మాత్రం అసలైనవి అవే. ఒకటి శిక్షణ సర్టిఫికెట్: ఆయుధాన్ని ఎలా పట్టుకోవాలి, ఎలా కాల్చాలి, ఎలా శుభ్రం చేయాలి, ఎలా దాచాలి, ఎలా తీసుకెళ్లాలి, చట్టం ఏం చెప్తుంది, ఇవన్నీ నేర్చుకున్నట్టు కాగితం కావాలి. రెండోది, ఇంట్లో ఎలా భద్రపరుస్తారో మీరు రాతపూర్వకంగా ఇచ్చే హామీ. ఆ శిక్షణ సర్టిఫికెట్‌ని డబ్బిచ్చి తెచ్చుకునే మార్గాలు వెతికేవాళ్లని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రేంజ్‌కి, అంటే కాల్పులు నేర్పే చోటుకి, వెళ్లి మొదటిసారి కాల్చినవాళ్లలో చాలామంది చప్పుడుకే కళ్లు మూసుకుంటారు, చెయ్యి పైకి లేస్తుంది, గుండు ఎటు పోయిందో తెలియదు. వెలుతురులో, చెవులకి రక్షణ పెట్టుకుని, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా జరిగేది ఇది. అర్ధరాత్రి నిద్ర మత్తులో, చీకట్లో, వణికే చేత్తో ఏం జరుగుతుందో ఊహించుకోండి. శిక్షణ ఒకసారి తీసుకుంటే జన్మంతా ఉండదు, వాడకపోతే చెయ్యి మర్చిపోతుంది.

తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడన్నారు. పిల్లలకి బీరువా తాళాలు ఎక్కడుంటాయో తెలియదనుకోవడం మన భ్రమ. చీరల మడతల కింద, దేవుడి గూట్లో డబ్బా వెనక, బియ్యం డ్రమ్ములో ఏది దాచినా వాడు ఎప్పుడో చూసే ఉంటాడు. అందుకని తుపాకీ గోడకి బిగించిన స్టీల్ లాకర్‌లో, తూటాలు వేరే చోట వేరే తాళంలో, ఆ తాళం చెవి మీ ఒంటి మీద, ఇలా ఉండాలి. ఇలా ఉంచితే దొంగ కిటికీ ఊచ వంచుతున్నప్పుడు రెండు తాళాలు తీసి, తూటాలు నింపి, గురి చూసేంత సమయం ఉండదు కదా అంటారు. నిజమే, ఉండదు. తలగడ కింద తూటాలు నింపి పెట్టుకుంటే సమయం ఉంటుంది, కానీ అప్పుడు ఆ ఇంట్లో రాత్రీ పగలూ ముప్పు మీ బాబుకే. ఈ రెండిట్లో ఏదో ఒకటే దొరుకుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి నేను ఎప్పుడూ మొదటిదే చెప్తాను, అలా తాళంలో ఉంచేటట్టయితే కాపలాకి అసలు తుపాకీ ఎందుకో మీరే ఆలోచించండి.

మీ భయాన్ని నేను చిన్న విషయం అనట్లేదు. ఖాళీ సైట్ల మధ్య ఇంట్లో ఆడవాళ్లే ఉండటం కష్టమే. తుపాకీకి పెట్టే ఖర్చులో చిన్న వంతు పెడితే చాలా పనులవుతాయి. వెనక తలుపుకి లోపల అడ్డ గడియ, కిటికీలకి గ్రిల్, మనిషి అలికిడికి వెలిగే లైట్లు ఇంటికి నాలుగు వైపులా పెట్టించండి. పడకగదికి గట్టి తలుపు పెట్టించి లోపల ఒక ఫోన్ ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంచండి. అలికిడి వినగానే అత్తయ్యగారిని, బాబుని ఆ గదిలోకి తీసుకెళ్లి, గడియ వేసి, 112కి ఫోన్ చేసి, లైట్లన్నీ వేసి గట్టిగా అరవండి. దీన్ని ఒకసారి ముగ్గురూ కలిసి పగటిపూట ప్రాక్టీస్ చేయండి. మీవారు ఊళ్లో లేని రోజులు స్టేషన్లో చెప్పి ఉంచితే బీట్ వాళ్లు రాత్రి అటు ఒక చక్కర్ కొడతారు, అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నాకు వ్యాపారం రీత్యా లైసెన్స్ ఉంది, .32 పిస్టల్ ఉంది. మారతహళ్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. రాత్రిపూట దొంగ ఇంట్లోకి వస్తే కాల్చేసే హక్కు మనకుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా? — ఒక పాఠకుడు

జవాబు: సగం నిజం. ఆ సగాన్ని నమ్ముకునే చాలామంది జైలు పాలవుతారు.

ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 2024 జులై 1 ముందు ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉండేది, సారం దాదాపు అదే. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడితే, దోపిడీ అయితే, ఇంటికి నిప్పు పెడితే, ఆస్తిని కాపాడుకునే హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేదాకా కూడా వెళ్లవచ్చని 41వ సెక్షన్ అంటుంది. మీ ఫ్రెండ్ ఇక్కడిదాకా చదివాడు. 37వ సెక్షన్ చదవలేదు. రక్షణకి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు, అని అందులో ఉంది. అలాంటి క్షణంలో మనిషి తూకం వేసినట్టు కొలిచి కొట్టలేడని సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది, కానీ గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే ఏ కోర్టూ సులువుగా ఒప్పుకోదు. కాల్చాక కేసు, ఎంక్వైరీ, ఆయుధం సీజ్ చేయడం అన్నీ ఉంటాయి, హక్కు మీ వైపే ఉన్నా సరే.

మీది అపార్ట్‌మెంట్ అన్నారు, నా టెన్షన్ అంతా దాని గురించే. మీ హాల్లో కాల్చిన గుండు గురి తప్పితే కిటికీ అద్దం, చెక్క తలుపు, పల్చటి అడ్డుగోడ దాన్ని ఆపవు. అవతల పక్కింటి పాప మంచం ఉండొచ్చు. రేంజ్‌లో మేము మొదటి రోజు నుంచి చెప్పేది ఇదే: దేని మీద కాలుస్తున్నావో, దాని వెనక ఏముందో తెలియనప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. రాత్రి హాల్లో కదిలే ఆ నీడ నీళ్లు తాగడానికి లేచిన మీ నాన్నగారిదై ఉండొచ్చు. 'ఎవరది?' అని గట్టిగా అడగండి, లైటు వేయండి, ఇంట్లో ఎవరు ఎక్కడున్నారో లెక్క చూసుకోండి, తర్వాతే మిగతాది.

పిస్టల్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. శుభ్రం చేసేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు చూశాను, దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట, 'ఖాళీ అనుకున్నాను సార్'. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోదు, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లో ఒకటి ఉండిపోవచ్చు. ముందు గొట్టాన్ని మనుషులు లేని వైపు, గుండు ఆగే వైపు పెట్టండి. వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డ్ బయట చాపి ఉంచండి. మ్యాగజైన్ తీసి పక్కన పెట్టండి. తర్వాత పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చూశాక చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి, చీకట్లో కన్ను మోసం చేస్తుంది. ఈ వరస తప్పితే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, స్లైడ్ ముందుకి వెళ్లేటప్పుడు కొత్త తూటాని మీరే ఛాంబర్‌లోకి ఎక్కించినట్టవుతుంది. ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు ఇది మళ్లీ చేయాలి, వాళ్లు తీసుకున్నాక వాళ్లూ మళ్లీ చేయాలి. ఎంత సీనియర్ అయినా సరే. శుభ్రం చేసే గదిలో తూటాలు ఉండకూడదు, తాగే మందు సీసా అసలే ఉండకూడదు.

మరో మాట. పెళ్లి బరాత్‌లో, కొత్త సంవత్సరం రాత్రి గాల్లోకి కాల్చడానికి ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సంబరాల కాల్పుల్లో నిర్లక్ష్యంగా ఇతరుల్ని ప్రమాదంలో పడేస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు కిందికి ఎక్కడో ఒకచోట రావాల్సిందే.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, హెచ్-1బి మీద. కొత్త ఇల్లు కొన్నాడు. అక్కడ అందరి ఇళ్లలో ఉంటాయి నాన్నా అని తనూ ఒకటి కొంటానంటున్నాడు. కోడలు వద్దని ఏడుస్తోంది, మనవరాలికి నాలుగేళ్లు. మేమేం చెప్పాలి? — బన్నేరుఘట్ట రోడ్ నుంచి ఒక తండ్రి

జవాబు: పెద్దాయనా, ముందు వీసా సంగతి చెప్పండి, వాదనలన్నీ తర్వాత. డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో 2021 సెప్టెంబర్ నుంచి 21 దాటినవాళ్లు చాలామంది పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకు తిరగొచ్చు, అది చూసి మనవాళ్లు అక్కడ అడ్డే లేదనుకుంటారు. కానీ అమెరికా ఫెడరల్ చట్టం వేరు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటమే నేరం. కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అదింకో నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, షాపులో ఎవరో చెప్పారని దాన్ని పట్టుకుని కొనేయకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగమనండి. తుపాకీ కేసు పడితే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్తుంది. ఇన్నేళ్ల కష్టం, గ్రీన్ కార్డ్ క్యూ, అన్నీ పోతాయి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకి ఈ అడ్డంకి లేదు.

అప్పుడు కొంటానంటే కోడలి మాట వినమనండి, ఆ అమ్మాయి భయం ఉత్తి భయం కాదు. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల మధ్య పిల్లల మరణాలకి తుపాకులే మొదటి కారణం. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే ముప్పు సుమారు 2.7 రెట్లు ఎక్కువని, ఆ పెరిగిన ముప్పు దాదాపు అంతా ఇంటివాళ్లూ దగ్గరివాళ్ల వల్లేనని తేల్చింది. దాని లెక్కల్ని తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు, నేనైతే కొట్టిపారేయను. టెక్సస్ చట్టంలోనే, 17 ఏళ్ల లోపు పిల్లలకి తూటా నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే ఆ పెద్దవాళ్లదే నేరం. ఇంకో సంగతి తండ్రిగా మీరు మెల్లగా అడగాలి: అబ్బాయి మనసు బాగుందా? ఉద్యోగం టెన్షన్, ఒంటరితనం ఉన్నప్పుడు చేతికందే దూరంలో తుపాకీ ఉండటం దొంగకన్నా పెద్ద ప్రమాదం. ఫోన్లో ఉపదేశం వద్దు, ముందు వాడు చెప్పేది వినండి.

ప్రశ్న: మా నాన్నగారు ఎనిమిది నెలల క్రితం అనంతపురం జిల్లాలోని మా ఊళ్లో పోయారు. ఆయన లైసెన్స్ మీద ఉన్న డబుల్ బ్యారెల్ ఇంకా అటక మీదే ఉంది. ఆయన గుర్తుగా కార్లో బెంగళూరు తెచ్చుకుందామని ఉంది. — ఒక కొడుకు, కె.ఆర్. పురం

జవాబు: బాబూ, కార్లో పెట్టకండి. నాన్నగారితోనే ఆ లైసెన్స్ కూడా పోయింది, ఈ రోజు ఆ అటక మీద ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. దాంతో రాష్ట్రం దాటుతూ చెక్‌పోస్టులో దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు శిక్ష పడే నేరం, 'మా నాన్న గుర్తు' అంటే వాళ్లేం చేయగలరు? లైసెన్స్‌దారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా దగ్గర స్టేషన్లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలని ఆయుధ చట్టం 21వ సెక్షన్ చెప్తుంది. ఇప్పటికే ఆలస్యమైంది. రేపే ఊళ్లో ఉన్నవాళ్లెవరితోనైనా స్టేషన్‌కి ఫోన్ చేయించి, లైసెన్స్ పుస్తకం, డెత్ సర్టిఫికెట్ చూపించి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమని అడగండి, రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి. తర్వాత వారసుడిగా మీ పేరున లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల నుంచి అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే అది సర్కారుకే పోతుంది.

అటక మీద పాత తూటాలు కూడా ఉండే ఉంటాయి. చెమ్మకి ఉబ్బిపోయి ఉంటాయి, వాటిని ఎక్కించి చూడటం, విప్పడం, పొయ్యిలో వేయడం ఏదీ చేయకండి, వాటినీ స్టేషన్లో ఇచ్చేయండి.

(నాన్నగారు బతికుండగానే సర్దుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట: 70 ఏళ్లు దాటినా, ఆయుధం 25 ఏళ్లుగా తన దగ్గర ఉన్నా, వారసుడి పేరుకి మార్పించుకునే వీలు 2016 నియమాల్లో ఉంది. ఇక 2019 తర్వాత ఎవరికైనా రెండు ఆయుధాలే, వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.)

ప్రశ్న: ఆఫీసులో నా కొడవ ఫ్రెండ్ వాళ్లింట్లో లైసెన్స్ లేకుండానే తుపాకీ ఉంది. వాళ్లకొక రూలు, మనకొక రూలా? — ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: అవును, వాళ్లకి వేరే రూలే. కొడగు జిల్లా వాళ్లయిన కొడవలకి, అక్కడ వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూములున్న కుటుంబాలకి బ్రిటిష్ కాలం నుంచి లైసెన్స్ మినహాయింపు ఉంది. కేంద్రం 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. కైల్‌పోళ్ద్ పండగనాడు వాళ్లు తుపాకీకి పూలు పెట్టి పూజ చేస్తారు, ఇంట్లో చిన్నప్పటి నుంచి ఆయుధం అంటే భక్తీ, క్రమశిక్షణా రెండూ నేర్పుతారు. మీ ఫ్రెండ్ తుపాకీని మీరు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే మాత్రం ఆ మినహాయింపు మీకు వర్తించదు.

ప్రశ్న: బాల్కనీలో పావురాలు భరించలేకపోతున్నాం. ఆన్‌లైన్‌లో ఎయిర్‌గన్ తెప్పించొచ్చా? లైసెన్స్ అక్కర్లేదట కదా. — బెళ్లందూరు

జవాబు: .177 బోర్ దాటని, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ ఆ సీసపు గింజ ఎదురు బాల్కనీలో ఆడుకునే పిల్లాడి కన్ను తీసేయగలదు. పక్షుల్ని అలా గాయపరచడం జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960 కింద నేరం. వల కట్టించుకోండి, ఒక పూట పని.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. టీవీలో ఒలింపిక్స్ చూసి షూటింగ్ నేర్చుకుంటానంటోంది. ఇంత చదివాక భయమేస్తోంది, పంపొచ్చా? — వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మ

జవాబు: తప్పకుండా పంపండి! ఈ ఉత్తరాలన్నిట్లో నాకు బాగా సంతోషం కలిగించింది మీదే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే, 2024 పారిస్‌లో మను భాకర్ పిస్టల్‌తో రెండు తెచ్చింది. పది మీటర్ల దూరంలో గురి మధ్య చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది, దాన్ని కొట్టాలంటే ఊపిరి, నిలబడే తీరు, మనసు అన్నీ కుదరాలి. చదువులో కూడా ఈ నిలకడ పనికొస్తుంది. కర్ణాటక స్టేట్ రైఫిల్ అసోసియేషన్‌లో అడిగితే దగ్గర్లో ఏ క్లబ్బులు ఉన్నాయో తెలుస్తుంది. మొదట్లో రైఫిల్ కొనకండి, క్లబ్ వాళ్లదే వాడనివ్వండి.

చేర్చే ముందు ఒక గంట వెనక కుర్చీలో కూర్చుని చూడండి. కాల్చడం ఆపిన ప్రతి రైఫిల్ గొట్టంలోంచి రంగురంగుల ప్లాస్టిక్ తీగ ఒకటి బయటికి కనపడాలి, లోపల ఏమీ లేదని అందరికీ తెలియడానికి పెట్టే సేఫ్టీ ఫ్లాగ్ అది. కోచ్ 'స్టాప్' అనగానే అందరూ ఆగాలి, ఎవరైనా టార్గెట్ వైపు నడుస్తుంటే ఒక్కరి చెయ్యి కూడా రైఫిల్ మీద ఉండకూడదు. పిల్లల్లో ఎవరైనా నవ్వులాటకి పక్కవాడి వైపు గొట్టం తిప్పితే కోచ్ వాణ్ణి ఆ పూటకి బయటికి పంపాలి. ఇవి కనపడితే అదే రోజు ఫీజు కట్టేయండి. కనపడకపోతే ఎంత పెద్ద పేరున్న అకాడమీ అయినా అమ్మాయిని తీసుకుని వచ్చేయండి, వేరేది చూద్దాం.